ఇరవై మూడో ఫొటో

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది అరవై ఎనిమిదో ఏట. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది. మా టీచరమ్మ దిద్దినంత దిద్దింది, ఇంకా తప్పులు మిగిలితే అవి నావే. తప్పులకీ, ఆలస్యానికీ మన్నించండి.

ఇది మా ఆయన ముఖం గురించి. మా ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు. ఎందుకు లేదో మా అమ్మాయికి ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఒక కారణం చెప్పాను. అది అబద్ధం. ఇన్నేళ్ళూ నోటితో చెప్పలేకపోయాను కాబట్టి రాస్తున్నాను.

మేమిద్దరం ఒకే లాండ్రీలో పనిచేసేవాళ్ళం. ఆస్పత్రి దుప్పట్లు, హోటళ్ళ టేబుల్ గుడ్డలు లారీల్లో వచ్చేవి. ముందువైపు కౌంటర్లో ఇళ్ళ బట్టలు కూడా తీసుకునేవాళ్ళు. నా పని రోలర్ దగ్గర. మంచమంత వెడల్పు ఇనప రోలర్, దాని కడుపు నిండా ఆవిరి. తడి దుప్పటి అంచు తీసుకెళ్ళి రోలర్ నోటి దగ్గర పెట్టడం, చెయ్యి వెనక్కి తీసుకోవడం. దుప్పటిని అదే పట్టుకుని లాక్కుంటుంది. నాకు పని నేర్పిన పెద్దమ్మకి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. "అంచు పెట్టు, చెయ్యి తియ్యి. లోపలికి దోపాలని చూశావో, ఇదిగో నా చెయ్యి చూసుకో" అనేది. ఇరవై ఆరేళ్ళు అలాగే పెట్టాను, అలాగే తీశాను. నా పది వేళ్ళూ నాకున్నాయి.

మా ఆయనది మరకల గది. చుట్టూ మందుల సీసాలు, బ్రష్షులు, ఎప్పుడూ తెరుచుకోని ఒక కిటికీ. రక్తమా, సిరానా, నూనెనా అన్నది గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేవాడు. ఆ వాసనలే ఆయన ఊపిరి తిన్నాయి, చేతులకి వణుకు తెచ్చాయి. అందరూ ఆయన్ని మరకల మేస్త్రి అనేవాళ్ళు.

ఆయనకొక పద్ధతి ఉండేది. మరక పోకపోతే ఆ మాట ఆ రోజు చెప్పేవాడు కాదు. "రేపు పొద్దున రండమ్మా, చూద్దాం" అని పంపేసేవాడు. మర్నాడు పొద్దున వాళ్ళు వచ్చాక చెప్పేవాడు. సాయంత్రం చెబితే మనిషికి రాత్రంతా పాడైపోతుందట. ఈ పద్ధతి ఇంట్లో కూడానూ. మా అన్న పోయిన కబురు సాయంత్రం ఫోనులో వస్తే, నాకు మర్నాడు టీ తాగాక చెప్పాడు. ఆ రాత్రి నేను కడుపునిండా తిని, ఎవరి మీదో జోకులేసి నవ్వి పడుకున్నాను. దానికి ఆయనతో రెండు నెలలు మాట్లాడలేదు.

మా లాండ్రీకి ఏడాదికొకసారి, ఆకు రాలే కాలంలో, బాయిలర్ కడిగే రోజు వచ్చేది. ఆవిరి లేకపోతే పని లేదు, ఆ రోజు అందరికీ సెలవు. లోకమంతా పనికి పోతుంటే మేమిద్దరం ఫ్లాస్కులో టీ పోసుకుని, రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, నారింజపళ్ళు సంచిలో వేసుకుని, పొద్దున్నే బస్సెక్కి ఎక్కడికో ఒకచోటికి పోయి, చీకటి పడేలోపు వచ్చేసేవాళ్ళం. ఏడాది పొడుగునా మాకున్న సరదా అది ఒక్కటే. ఆ ఎండ వేరు. ఒంటికి తగులుతుంది కానీ చురుక్కుమనదు. ఆవిరిలో ఉడికిన ఒంటికి ఆ చల్లగాలి ఎంత బావుండేదో ఇప్పుడు రాస్తుంటే కూడా తెలుస్తోంది.

కౌంటర్ గుమస్తా ఉద్యోగం మానేస్తూ తన పాత కెమెరా మా ఆయనకి ఇచ్చాడు. అప్పట్నుంచీ బాయిలర్ రోజుకి ఒక రీలు. ముప్పై ఆరు ఫొటోలు, ఆ రోజే మొదలు, ఆ రోజే ఆఖరు. ప్రతి ఫొటోకీ జేబులో ఉన్న చిన్న పుస్తకంలో అంకె వేసి ఏదో రాసుకునేవాడు. నాకు చదువు రాదు కాబట్టి అడిగేదాన్ని కాదు. పదమూడేళ్ళు తీశాడు. మా ఇంట్లో నా ముఖాలు నాలుగు వందలున్నాయి. ఆయనవి లేవు. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది మరి. మా పెళ్ళిలో తీసిన ఒక్క ఫొటోలో సరిగ్గా ఆ క్షణానికే తుమ్మాడు, ముఖం నిండా చేతిరుమాలు. బస్సు పాసు మీద అతికించినది లాండ్రీ ఆవిరికి ఉబ్బి, ముఖం ఉన్నచోట గోధుమరంగు మచ్చ మిగిలింది.

ఆఖరి ఏడాది ఆయనకి యాభై నాలుగు. నాలుగు మెట్లెక్కితే నిలబడి ఊపిరి తీసుకునేవాడు. డాక్టరు దుమ్ములో తిరగొద్దన్నాడు. బాయిలర్ రోజు పొద్దున మంచం మీద కూర్చుని కెమెరా నా ఒళ్ళో పెట్టాడు.

"రీలు నువ్వెయ్యి. నా చేతులు చూడు, టైపు కొడుతున్నాయి."

"నేనా? పాడైతే నన్నంటావు."

"పాడెందుకవుతుంది? దుప్పట్లు పదివేలు వేసుంటావు, ఇది రెండు వేళ్ళ వెడల్పు లేదు. రీలు కొసన నాలికలా ఉంది చూడు, అది బయటికి లాగు. కుడి పక్క కడ్డీ ఉందా? దానికి చీలిక ఉంటుంది, అందులో..."

అక్కడ దగ్గు వచ్చింది. వంగిపోయి దగ్గుతున్నాడు. నేను ఒక కన్ను ఆయన మీద వేసి, రీలు నాలిక కడ్డీ దగ్గరకి తెచ్చాను. నా చెయ్యి దానికి తెలిసిన పని అది చేసింది. అంచు పెట్టాను, చెయ్యి తీశాను. కడ్డీయే పట్టుకుని లాక్కుంటుందనుకున్నాను. మూత నొక్కితే టక్కుమంది.

"అయిపోయిందా?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"ఆఁ. ఇంతోటి దానికి మొగుళ్ళు ఎంత హడావిడి చేస్తారో."

బస్సులో నా గొప్ప అంతా ఇంతా కాదు. కండక్టరు కెమెరా చూసి "ఏంటి మేస్త్రీ, సినిమా తీస్తారా?" అంటే, ఆయన నోరు తెరిచేలోపు "ఆయనేం తీస్తాడు, రీలు వేసింది నేను" అన్నాను. కండక్టరు నవ్వి, "అయితే టిక్కెట్టు డైరెక్టరమ్మకే ఇవ్వాలి" అని నా చేతికిచ్చాడు.

ఆ ఏడు ఒక సరస్సుకి వెళ్ళాం. దారికి రెండువైపులా చెట్లు సగం ఖాళీ అయ్యాయి. కాలు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. మూసేసిన ఒక కొట్టు బయట ఇనప కుర్చీ ఉంది, దానిమీద ఒకే ఒక ఆకు, ఎవరికోసమో కూర్చున్నట్టు. ఆయన దాన్ని ఫొటో తీశాడు. తీసి, తర్వాతి ఫొటోకి మీట లాగి, కెమెరా వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. ఎండ చూస్తున్నా."

"ఎండ కెమెరాలో ఉంటుందా? పైన ఉంటుంది."

ఆయన నా వైపు చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు. తర్వాత పుస్తకం తీసి రాసుకున్నాడు. చెయ్యి వణుకుతోంది, కాబట్టి ఆలస్యమవుతోంది అనుకున్నాను.

ఆ రోజు ఆయన చాలా హుషారుగా ఉన్నాడు. నారింజ తొనలు ఒలుస్తుంటే తీశాడు. నా నీడని తీశాడు. ఒక ఇంటి పెరట్లో దుప్పట్లు ఆరేసి ఉంటే "సెలవు రోజు కూడా ఇవే కనపడాలా" అని వాటినీ తీశాడు. గట్టు మీద కూర్చుని టీ తాగాం. గాలికి ఆకులు నీళ్ళలో పడి, తిరిగి తిరిగి మునగకుండా అలాగే ఉన్నాయి.

"ఇప్పటిదాకా ఎన్ని?" అన్నాను.

"ఇరవై రెండు."

"ఇటివ్వు. ఇరవై మూడోది నేను తీస్తాను."

"నాకెందుకే ఫొటో?"

"రేపు నాకెందుకైనా అవసరం రావచ్చు" అన్నాను. జోకుగానే అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

ఆయన వెళ్ళి బెంచీ మీద కూర్చుని, టోపీ తీసి పక్కన పెట్టుకుని, జుట్టు చేత్తో సర్దుకున్నాడు. కెమెరా కన్నంలోంచి చూశాను. ఆయన ముఖం అంత చిన్న చట్రంలో, చుట్టూ ఏమీ లేకుండా, మొదటిసారి చూడటం.

"నవ్వు."

"ఈ పళ్ళతోనా?"

"అవే ఉన్నాయి మరి నీకు."

నొక్కాను. చప్పుడైంది. నాకు చాలా సంతోషం వేసింది. ఎప్పుడు తలుచుకున్నా ఈ సంతోషం దగ్గరకి వచ్చేసరికి చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి లేచిపోతాను.

మర్నాడు పొద్దున టీ పెడుతుంటే మంచం మీంచి పిలిచాడు. "ఇలా రావే. ఆ రీలు సంగతి..." అన్నాడు. అంతలో దగ్గు. "ముందు టీ తాగు, రీలు ఎక్కడికీ పోదు" అన్నాను. టీ తాగలేదు. ఊపిరి అందలేదు. పక్కింటి వాళ్ళ బండిలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

అక్కడ పంతొమ్మిది రోజులు. నోటికీ ముక్కుకీ కలిపి గొట్టం ఉన్న మూత పెట్టారు. మాట లేదు. లాండ్రీలో యంత్రాల రొదకి మేం చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం కాబట్టి నాకు బెంగ లేదు. ఒకరోజు ఎడమచెయ్యి పైకెత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఏదో తిప్పుతున్నట్టు చూపించాడు. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తల ఊపాడు. గాలి చాలడం లేదు, మర తిప్పమంటున్నాడని నేను పరిగెత్తి నర్సుని తెచ్చాను. ఆమె ఏదో తిప్పింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెండు రోజులకి పోయాడు.

లాండ్రీ వాళ్ళు నోటీసు బోర్డులో పెట్టడానికి ఫొటో అడిగారు. "ఉంది. ఈ ఏడాది రీల్లో ఉంది, నేనే తీశాను" అన్నాను. అప్పటికి మా అమ్మాయికి ఇరవై నాలుగు. తండ్రి అంటే ప్రాణం. స్టూడియోలో రీలు ఇవ్వకముందే ఫ్రేము కొనుక్కొచ్చింది, నల్ల అంచుది, మేకు కూడా కొట్టేసింది.

ఫొటోలకి రమ్మన్న రోజు స్టూడియోకి నేనొక్కదాన్నే వెళ్ళాను. స్టూడియో ఆయన కవరు ఇవ్వలేదు. లోపల్నుంచి ఒక పొడుగాటి పట్టీ తెచ్చి వెలుగుకి పట్టి చూపించాడు. మొదట జానెడు నల్లగా ఉంది. తక్కినదంతా గాజులా ఉంది, అవతల ఆయన వేళ్ళు కనపడుతున్నాయి.

"ఏమీ ఎక్కలేదమ్మా. రీలు కడ్డీకి పట్టలేదు. ఒక్కటి కూడా కదల్లేదు."

"ముప్పై ఆరూ తీశామండీ. నేను చూశాను. అంకె కూడా మారింది."

"అంకె మారుతూనే ఉంటుంది. ఇదిగో ఈ కెమెరా చూడండి, ఎడమ పక్క పైన ఈ చిన్న మర ఉంది చూశారా? ఇటు మీట లాగితే అటు మర తిరగాలి. తిరగలేదంటే రీలు పట్టలేదని అర్థం. అప్పుడు మూత తీసి, నాలిక మళ్ళీ చీలికలో దోపితే సరిపోయేది. రీలుకి ఏమీ కాదు, అంతా డబ్బాలోనే ఉంటుంది. మేస్త్రికి ఇది తెలుసే! పదమూడేళ్ళుగా చేస్తున్నాడు. ఎవరు వేశారు రీలు?"

"ఆయనే" అన్నాను.

ఇంటికి వచ్చాను. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఫ్రేము. ఆ ముఖం చూస్తూ "నేను పాడు చేశాను" అనడానికి నాకు నోరు రాలేదు. "స్టూడియో ఆయన కడగడంలో పాడు చేశాడట" అన్నాను.

అది నా చేతిలో పట్టీ లాక్కుని అప్పుడే స్టూడియోకి వెళ్ళింది. నేను వెనకాల పరిగెత్తాను. పట్టీ బల్ల మీద పారేసి, "మా నాన్న ముఖం కడిగేశావు కదయ్యా! చేతకాకపోతే బోర్డెందుకు పెట్టావ్?" అని అరిచింది. జనం చేరారు. స్టూడియో ఆయన దానివైపు చూడలేదు, నావైపు చూశాడు. "అమ్మా, మీరు చెప్పండి" అన్నాడు.

నేను చీర కొంగు సర్దుకున్నాను. 

ఆ తర్వాత మా లాండ్రీ వాళ్ళెవరూ ఆ స్టూడియోకి వెళ్ళలేదు. ఖాళీ ఫ్రేము అలాగే గోడ మీద ఉండిపోయింది. అమ్మాయి తియ్యనివ్వదు. ఇల్లు మారినప్పుడల్లా మొదటి మేకు దానికే.

ఆయన చిన్న పుస్తకం నా పెట్టెలో అడుగున దాచాను. అమ్మాయి అడిగితే ఆస్పత్రిలో పోయిందన్నాను. ప్రతిదీ రాసుకునే మనిషి, రీలు ఎవరు వేశారో కూడా రాసే ఉంటాడని నా భయం. పారేయలేను, ఆయన చేతిరాత. ఎవరికీ చూపించలేను. అలా పద్ధెనిమిదేళ్ళు గడిచాయి. ఈ లోపల ఇంకొకటి జరిగింది. ఆయన ముఖం పోవడం మొదలుపెట్టింది. చెవి గుర్తుంది. కాలరు మీద మాసిన గీత గుర్తుంది. టోపీ తీసి పక్కన పెట్టడం గుర్తుంది. ఆ చట్రంలో మధ్యన ఉండాల్సింది మాత్రం పొద్దున లేచేసరికి కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది.

చివరికి మా వీధి రీడింగు రూములో పెద్దవాళ్ళకి చదువు చెబుతున్నారంటే వెళ్ళాను. టీచరమ్మ "ఈ వయసులో ఎందుకమ్మా?" అని అడిగింది. "బస్సు బోర్డులు చదువుకుందామని" అన్నాను. చదువు కూడా అబద్ధంతోనే మొదలుపెట్టాను.

పోయినేడు ఆకులు రాలుతున్న రోజుల్లో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పుస్తకం తీశాను. ఆయన అక్షరాలు వణికి ఒకదానిమీద ఒకటి పడ్డాయి. వేలు పెట్టి ఒక్కొక్కటీ విడదీసుకున్నాను. ఆ ఒక్క పేజీకి నాలుగు రోజులు పట్టింది.

ఒకటి. బస్టాండు. ఆమె, ఫ్లాస్కు.

ఇలాగే నాలుగు వరకు. తర్వాత:

ఐదు. కుర్చీ మీద ఆకు. మర తిరగడం లేదు. రీలు పట్టలేదు. ఇప్పుడు చెబితే రోజంతా ముఖం మాడ్చుకుంటుంది. కండక్టరుకి కూడా చెప్పుకుంది పాపం. రేపు పొద్దున చెబుతాను.

ఆరు. నారింజ ఒలుస్తోంది.

అక్కడ ఆగలేదు ఆయన. అన్నీ రాశాడు. ఏడు, నీడ. పదకొండు, దుప్పట్లు. రీలు లేదని తెలిసి, ప్రతిసారీ కన్ను పెట్టి, నొక్కి, మీట లాగి, రాసుకున్నాడు.

ఇరవై మూడు. నన్ను తీసింది. కదలకుండా కూర్చున్నాను.

ముప్పై ఆరు. తిరుగు బస్సు. నిద్రపోతోంది, నోరు తెరిచి. వచ్చే ఏడు మళ్ళీ ఇక్కడికే రావాలి.

చదవగానే ఏడుపు వచ్చిందని రాస్తే బావుంటుంది. నాకు కోపం వచ్చింది. పుస్తకం గోడకేసి కొట్టాను. మూత తీసి దోపితే అయిపోయే పనికి, నా సంతోషం ఒక్క పూట చెడకూడదని, ఆయన ముఖాన్ని వదిలేశాడు. ఎవరడిగారు? నేను తిట్టుకునేదాన్ని, గొణిగేదాన్ని, నారింజపండు తినేసరికి మర్చిపోయేదాన్ని. మా అన్న కబురు దాచినప్పుడే చెప్పాను, నా మంచి నాకు తెలుసు, నువ్వు చూడొద్దని. వినలేదు. కదలకుండా కూర్చున్నాడట. లేని ఫొటో కోసం.

కోపం తగ్గాక ఇంకొకటి అర్థమైంది. ఆయన ఒక్క రోజు ఆపాడు. నేను ఇరవై ఏళ్ళు ఆపాను. అదీ ఒకరి మీద బురద చల్లి.

స్టూడియో ఉన్నచోటికి వెళ్ళాను. ఇప్పుడది ఫోను కవర్లు అమ్మే కొట్టు. స్టూడియో ఆయనే కూర్చుని ఉన్నాడు, తల పూర్తిగా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టాడు. రీలు వేసింది నేనని చెప్పాను. ఒక కవరు తీసి తుడుస్తూ, "ఇప్పటికి వచ్చారా? పోస్టులో వేసినా ఇంతకన్నా ముందు అందేది" అన్నాడు.

"క్షమించమని అడగడానికి వచ్చాను."

"నాకు అప్పుడే తెలుసమ్మా. మేస్త్రి వేస్తే అలా వెయ్యడు. మా ఆవిడే నన్ను నమ్మలేదు, చివరిదాకా. ఆస్పత్రిలో కూడా అడిగింది, నిజంగా నువ్వే పాడు చేశావా అని." కవరు దాని మేకుకి తగిలించాడు. "మీ అమ్మాయికి చెప్పారా?"

"లేదు."

"అయితే నాకెందుకు చెప్పారు?" అన్నాడు, లోపలికి వెళ్ళిపోయాడు.

అందుకని ఇది రాశాను. మా అమ్మాయి ఆదివారాలు కథలు చదువుతుంది, అచ్చయితే ఇది కూడా చదువుతుంది. అమ్మా, స్టూడియో ఆయన తప్పేమీ లేదు. రీలు వేసింది నేను. పుస్తకం ఆస్పత్రిలో పోలేదు, నా పెట్టెలో అడుగున, పాత దుప్పటి కింద ఉంది. మీ నాన్న చేతిరాత కష్టంగా ఉంటుంది, నిదానంగా చదువు. ఫ్రేము ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం, నేను అడగను.

రోలరక్క, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఉంటున్నది కూతురి ఇంట్లో, వెనక గదిలో, ప్రస్తుతానికి.